నమోదైన యంత్రం, నమోదుకాని ధర: సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలలో ఉదర స్కానింగ్ రుసుములు – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

అల్ట్రాసౌండ్ యంత్రం భారతదేశంలో అత్యంత కఠినమైన నమోదుకు లోబడిన వైద్య పరికరాలలో ఒకటి. అది ఎవరి దగ్గర ఉన్నదో, దానితో ఎవరు పరీక్ష చేస్తున్నారో, ఏ గర్భిణికి ఎందుకు చేశారో ప్రభుత్వానికి లిఖితపూర్వకంగా తెలియాలి. అదే యంత్రంతో చేసే ఉదర పరీక్షకు బీమా లేని రోగి ఎంత చెల్లించాడన్నది మాత్రం ఏ ప్రభుత్వ దస్త్రంలోనూ క్రమంగా చేరదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాలను ఆధారంగా చేసుకొని, ఈ వ్యత్యాసం ఎలా ఏర్పడిందో, ధరలను పోల్చిచూసే అవకాశం రోగికి ఎందుకు దక్కలేదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: అల్ట్రాసౌండ్, ఉదర స్కానింగ్, వైద్య ధరలు, సొంత వ్యయం, పాత నల్లగొండ జిల్లా, ఆరోగ్యశ్రీ, రసీదు.

1. ఉపోద్ఘాతం:

ధరల చరిత్ర ఆర్థిక చరిత్రలో ఒక ప్రధాన శాఖ. ఇంగ్లండులో థొరాల్డ్ రోజర్స్ 1866 నుండి ప్రచురించిన బృహద్గ్రంథంలో వ్యవసాయం, ధరల చరిత్రను పాత కళాశాలల, భూస్వామ్య సంస్థల లెక్కల పుస్తకాల నుండి పునర్నిర్మించాడు. ధాన్యం, బట్ట, కూలి వంటి వాటికి అటువంటి లెక్కలు మిగిలాయి. మన కాలంలో సామాన్య కుటుంబాన్ని అప్పులోకి నెట్టే ఖర్చులలో వైద్యం ముఖ్యమైనది. దాని ధరల చరిత్రను రాయబూనిన పరిశోధకునికి ఏ లెక్కల పుస్తకం దొరుకుతుంది?

ఈ ప్రశ్నను ఒక చిన్న పరీక్షకు పరిమితం చేసి చూడటం ఈ వ్యాస లక్ష్యం. జనవ్యవహారంలో ‘కడుపు స్కానింగ్’ అనే ఉదర అల్ట్రాసౌండ్ పరీక్ష పిత్తాశయంలో రాళ్లు, మూత్రపిండాలలో రాళ్లు, కాలేయ వ్యాధులు, అండాశయపు తిత్తులు వంటి అనేక సమస్యలకు తొలి మెట్టు. పట్టణాల ప్రైవేటు కేంద్రాలలో దీని రుసుము సాధారణంగా కొన్ని వందల రూపాయల నుండి వెయ్యి దాటిన మొత్తం వరకు ఉంటుంది. శస్త్రచికిత్స ఖర్చుతో పోలిస్తే ఇది స్వల్పం. కాని 2024–25లో తెలంగాణలో జాతీయ ఉపాధిహామీ పథకపు దినకూలి రూ.300. రుసుము రూ.900 అనుకుంటే, ఒక్క స్కానింగు మూడు రోజుల కూలికి సమానం. రోగితో వచ్చిన మనిషి పోగొట్టుకున్న కూలి, దారిఖర్చు, వైద్యుని కన్సల్టేషన్ ఇందులో కలవలేదు.

2. మూడు పట్టణాలు – వైద్యానికి దారులు:

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ 2016 అక్టోబర్ 11 వరకు నల్లగొండ జిల్లాలోనివే. ఆనాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సూర్యాపేట ప్రత్యేక జిల్లా కేంద్రమైంది. కోదాడ ఆ జిల్లాలో చేరింది. మిర్యాలగూడ నల్లగొండ జిల్లాలోనే మిగిలింది. పరిపాలన వేరైనా ఈ మూడింటికీ ఉమ్మడి నేపథ్యం ఉన్నది. 1955 డిసెంబర్ 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. మిర్యాలగూడ బియ్యం మిల్లుల పట్టణంగా పేరుపొందింది. సూర్యాపేట, కోదాడలు హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారిపై వర్తక కేంద్రాలుగా ఎదిగాయి.

వైద్యానికి వెళ్ళే దారులు మాత్రం మూడింటికీ ఒకటి కావు. సూర్యాపేట నుండి హైదరాబాద్ సుమారు 135 కిలోమీటర్లు. ఇక్కడ 2019లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభం కావడంతో బోధనాసుపత్రి అందుబాటులోకి వచ్చింది. కోదాడ రాష్ట్ర సరిహద్దు పట్టణం. అక్కడి రోగికి ఒకవైపు ఖమ్మం, మరొకవైపు సుమారు 95 కిలోమీటర్ల దూరంలో విజయవాడ ఉన్నాయి. 2014 జూన్ 2 తర్వాత విజయవాడ మరో రాష్ట్రపు నగరమైంది. ఆరోగ్య పథకాలు రెండు రాష్ట్రాలలో రెండుగా విడివడ్డాయి. మిర్యాలగూడకు నల్లగొండ దగ్గర. అటు గుంటూరు, ఇటు సికింద్రాబాద్ వెళ్ళే రైలు మార్గం కూడా ఉన్నది.

అందుచేత ఈ పట్టణాలలో స్కానింగు ధర స్థానికంగా మాత్రమే ఏర్పడదు. ‘ఇక్కడ ఖర్చు పెట్టడమా, పెద్ద ఊరికి పోవడమా’ అనే ప్రశ్న ప్రతి కుటుంబం ముందూ ఉంటుంది. పెద్ద ఊరికి పోతే అక్కడి వైద్యుడు పాత రిపోర్టును అంగీకరించక మళ్లీ స్కానింగు రాసే అవకాశం ఉన్నది. అప్పుడు ఒకే పరీక్షకు రెండు రుసుములు పడతాయి. ధరను పోల్చేటప్పుడు ఈ రెండవ రుసుమును విస్మరించరాదు.

3. ఉదరం నుండి గర్భానికి – చట్టం చూపు:

ధ్వని తరంగాలతో శరీరాంతర్భాగాలను చూసే ప్రయత్నాన్ని ఆస్ట్రియా వైద్యుడు కార్ల్ డుస్సిక్ 1940ల ఆరంభంలోనే చేశాడు. గ్లాస్గోలో ఇయాన్ డోనాల్డ్, జాన్ మాక్‌వికార్, టామ్ బ్రౌన్ కలిసి 1958 జూన్‌లో ‘లాన్సెట్’ పత్రికలో ప్రచురించిన వ్యాసం ఈ విద్యకు పునాది వేసింది. ఆ వ్యాసపు విషయం ఉదరంలోని గడ్డల పరిశోధన. నయంకాని క్యాన్సర్‌గా భావించిన ఒక స్త్రీ ఉదరవ్యాధి నిజానికి తొలగించదగిన అండాశయపు తిత్తి అని యంత్రం చూపడం అందులోని ప్రసిద్ధ ఉదాహరణ. అంటే ఈ యంత్రపు చరిత్ర ఉదర పరీక్షతోనే వేళ్లూనుకొన్నది.

భారతదేశంలో దీని చట్టపరమైన చరిత్ర వేరు మార్గం పట్టింది. ఆడశిశువుల గర్భస్రావాలకు యంత్రం సాధనమైంది. ఆరేళ్లలోపు పిల్లలలో ప్రతి వేయిమంది బాలురకు బాలికల సంఖ్య 1991లో 945 ఉండగా, 2001 నాటికి 927కు పడిపోయింది. 1994లో చేసిన గర్భస్థ పిండ లింగనిర్ధారణ నిషేధ చట్టం 1996 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. స్వచ్ఛంద సంస్థల వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశాల తర్వాత, 2003లో ఆ చట్టం మరింత కఠినమైంది.

దీని ఫలితంగా యంత్రం చుట్టూ దట్టమైన దస్త్రాల వలయం ఏర్పడింది. నమోదుకాని వ్యక్తికి యంత్రాన్ని అమ్మరాదు. అమ్మినవారు కొనుగోలుదారుల వివరాలను ప్రభుత్వానికి పంపాలి. ఉదర పరీక్షలు మాత్రమే చేస్తామన్నా, పిండం లింగాన్ని చూపగల యంత్రమైతే కేంద్రం నమోదు కావలసిందే. ప్రతి గర్భిణికీ ‘ఫారం ఎఫ్’ నింపాలి. ప్రతి నెలా నివేదిక సమర్పించాలి. లింగనిర్ధారణ వెల్లడి చట్టవిరుద్ధమనే ప్రకటనను ఇంగ్లీషులోనూ స్థానిక భాషలోనూ అందరికీ కనబడేలా పెట్టాలి. ఈ మూడు పట్టణాలలో ఏ స్కానింగు కేంద్రానికి వెళ్లినా తెలుగులో మొదట కనబడవలసిన చట్టబద్ధమైన వాక్యం ఇదే.

ఈ చట్టం ఉద్దేశం సమంజసం, అవసరం. ఇక్కడ గమనించవలసినది దాని దుష్ప్రభావం కాదు, దాని చూపు పరిధి. గర్భిణి పరీక్షను ఆ చట్టం లిఖితం చేసింది. పిత్తాశయంలో రాయి ఉన్న హమాలీ పరీక్షను లిఖితం చేయవలసిన అవసరం దానికి లేదు. రుసుము దాని పరిధిలోనిది కాదు. అయినా రుసుముపై దాని ప్రభావం ఉన్నది. 2012లో నియమాల సవరణ ద్వారా కేంద్రాల నమోదు రుసుము రూ.25,000కు, ఒకటికి మించిన సేవలు కలిసి ఉన్న సంస్థలకు రూ.35,000కు పెరిగింది. అదే సంవత్సరం మరొక సవరణ, ఒక వైద్యుడు ఒక జిల్లాలో గరిష్ఠంగా రెండు కేంద్రాలలో మాత్రమే అల్ట్రాసౌండ్ చేయవచ్చునని నిర్దేశించింది.

ఈ రెండవ నియమాన్ని మన పట్టణాలకు అన్వయించి చూడాలి. 2012 నుండి 2016 వరకు మూడు పట్టణాలూ ఒకే జిల్లా. నియమపాఠం ప్రకారం ఒక రేడియాలజిస్టు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడింటిలోనూ పనిచేయలేడు. 2016 విభజన తర్వాత మిర్యాలగూడ వేరే జిల్లా కావడంతో లెక్క మారింది. నిపుణులు తక్కువగా ఉన్న చోట ఒక్క వైద్యుని రాకపోకలు సేవ లభ్యతనూ, తద్వారా ధరనూ ప్రభావితం చేస్తాయి. జిల్లాల విభజన వైద్య విపణిని కూడా తిరిగి గీసిందని గుర్తించడానికి ఇది ఒక సూచిక.

4. ధర గురించి చట్టం ఏమన్నది:

ధరను రోగికి ముందే తెలపాలన్న నియమం లేకపోలేదు. భారత వైద్యమండలి 2002లో ప్రకటించిన వృత్తి ప్రవర్తన నియమావళి, వైద్యుడు తన రుసుములను తన గది దగ్గరా, తాను వెళ్లే ఆసుపత్రులలోనూ బోర్డుపై స్పష్టంగా ప్రదర్శించాలని చెప్పింది. రోగిని పంపినందుకు కమీషన్ ఇవ్వడాన్నీ, తీసుకోవడాన్నీ అదే నియమావళి నిషేధించింది. ప్రైవేటు వైద్య సంస్థల నమోదుకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2002లోనే సొంత చట్టం చేసుకొన్నది.

2010లో పార్లమెంటు వైద్య సంస్థల నమోదు, నియంత్రణ చట్టం చేసింది. తర్వాతి కాలంలో తెలంగాణ దీనిని స్వీకరించింది. ఈ చట్టం కింద 2012లో కేంద్రం చేసిన నియమాలలో తొమ్మిదవది ఈ వ్యాసానికి కీలకం. ప్రతి సంస్థ తాను అందించే ప్రతి సేవకూ వసూలు చేసే రుసుమును స్థానిక భాషలోనూ ఇంగ్లీషులోనూ అందరికీ కనబడే చోట ప్రదర్శించాలని అది నిర్దేశిస్తుంది. కేంద్రం రాష్ట్రాలను సంప్రదించి నిర్ణయించే పరిధిలోనే రుసుములు ఉండాలని కూడా చెబుతుంది. ఆ పరిధి నిర్ణయం కాకపోవడంపై 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని ప్రశ్నించింది.

కాబట్టి స్కానింగు గది గోడపై చట్టం కోరే బోర్డులు రెండు. రెండూ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉండవలసినవే. మొదటిదాని ఉల్లంఘనకు జైలుశిక్ష ఉన్నది, తనిఖీ ఉన్నది, యంత్రానికి సీలు వేసే అధికారం ఉన్నది. రెండవదాని వెనుక అటువంటి యంత్రాంగం రూపుదిద్దుకోలేదు. ఒక నియమం గోడమీద నిలవడానికీ, మరొకటి గెజెట్ పుటలకు పరిమితం కావడానికీ గల తేడా ఇక్కడే ఉన్నది.

5. బీమా గడపకు ఇవతల:

ఉమ్మడి రాష్ట్రంలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో ప్రారంభమై దశలవారీగా మిగతా జిల్లాలకు విస్తరించింది. తెలంగాణలో కుటుంబానికి వర్తించే పరిమితి 2023 డిసెంబర్‌లో రూ.10 లక్షలకు పెరిగింది. పథకం పేద కుటుంబాలకు చేసిన మేలు కాదనలేనిది. కాని దాని నిర్మాణం జాబితాలోని చికిత్సలపై ఆధారపడినది. నెట్‌వర్క్ ఆసుపత్రిలో చికిత్సకు ఆమోదం లభించిన తర్వాత పరీక్షల ఖర్చు ప్యాకేజీలో కలుస్తుంది. అంతకు ముందు, ఊళ్లోని డయాగ్నొస్టిక్ సెంటర్‌లో చేయించుకొన్న స్కానింగు రోగి చేతి ఖర్చే.

కడుపునొప్పి వ్యాధి పేరు కాదు, లక్షణం. ఆ లక్షణానికి పేరు పెట్టేది స్కానింగు. పేరు తెలిసిన తర్వాతే పథకం జాబితాలో వెతకడం సాధ్యం. అంటే బీమా గడప దాటడానికి కావలసిన మొదటి కాగితాన్ని రోగి తన డబ్బుతోనే కొనుక్కోవలసి వస్తున్నది. ప్రైవేటు ఆరోగ్య బీమా ఉన్నవారి స్థితి కూడా చాలావరకు ఇంతే. సాధారణ పాలసీలు ఆసుపత్రిలో చేరికకు ముడిపడినవి. చేరిక అవసరం లేదని స్కానింగు తేల్చితే ఆ రుసుము తిరిగి రాదు. ఈ పరీక్ష విషయంలో ‘బీమా లేనివారు’ అనే వర్గం కార్డు లేనివారికన్నా చాలా విస్తృతమైనదని గ్రహించాలి.

జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం దేశ మొత్తం ఆరోగ్య వ్యయంలో ప్రజల సొంత ఖర్చు 2013–14లో 64.2 శాతం ఉండగా, 2021–22 నాటికి 39.4 శాతానికి తగ్గింది. తగ్గుదల గణనీయమే. మిగిలిన భాగంలో స్కానింగు వంటి చిల్లర ఖర్చులు ఎంతెంత అన్నది మాత్రం పట్టణ స్థాయిలో విడదీసి చూడటం సాధ్యం కాదు.

ప్రభుత్వం పరీక్షల రంగంలోకి వచ్చిన సందర్భాలు ఉన్నాయి. 2018లో హైదరాబాద్‌లో మొదలైన తెలంగాణ డయాగ్నొస్టిక్స్ 2021 జూన్‌లో 19 జిల్లా కేంద్రాలకు విస్తరించి, ఉచిత రక్త, మూత్ర పరీక్షలను చేరువ చేసింది. 2022 నవంబర్‌లో 44 ప్రభుత్వ ఆసుపత్రులలో 56 టిఫా స్కానింగు యంత్రాలను ప్రారంభించారు. ఇవి గర్భస్థ శిశువు లోపాలను గుర్తించడానికి ఉద్దేశించినవి. ఇక్కడ కూడా అల్ట్రాసౌండ్ పట్ల ప్రభుత్వ దృష్టి ప్రధానంగా గర్భంపైనే నిలిచింది. నిషేధంలోనూ సంక్షేమంలోనూ యంత్రం గర్భిణికోసం కనబడింది. సాధారణ ఉదరరోగికోసం అంతగా కనబడలేదు.

6. రోగి ధరలను ఎందుకు పోల్చలేడు:

ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో వైద్య విపణి ఇతర విపణుల వంటిది కాదని వాదించాడు. కొనేవానికి తాను కొంటున్నది ఏమిటో తెలియదు. అమ్మేవాని జ్ఞానంపైనే అతడు ఆధారపడాలి. ఈ సూత్రం చిన్న పట్టణంలో ఎలా పనిచేస్తుందో కింది అంశాలు చూపుతాయి.

మొదటిది పేరు. ‘కడుపు స్కానింగ్’ అన్న ఒక్క మాట కింద పూర్తి ఉదరం, పై ఉదరం, కటి భాగం, మూత్రకోశ వ్యవస్థ అనే వేర్వేరు పరీక్షలున్నాయి. డాప్లర్ కలిస్తే రుసుము మారుతుంది. రెండు కేంద్రాల ధరలు వేరుగా ఉన్నప్పుడు, పరీక్ష ఒకటేనా అన్నది తేలనిదే పోలిక చెల్లదు.

రెండవది చేసే మనిషి. అల్ట్రాసౌండ్ ఫలితం చేతిపై ఆధారపడిన విద్య. రేడియాలజీలో పట్టా పొందినవారు చేసిన పరీక్షకూ, స్వల్పకాలిక శిక్షణ పొందిన వైద్యుడు చేసిన పరీక్షకూ విలువ ఒకటి కాకపోవచ్చు. రుసుము తక్కువైనంత మాత్రాన చౌక అనలేము.

మూడవది శరీరం. పూర్తి ఉదర పరీక్షకు రోగి కొన్ని గంటలపాటు పరగడుపున ఉండాలి. కటి భాగం స్పష్టంగా కనబడటానికి మూత్రాశయం నిండి ఉండాలి. పల్లె నుండి తొలి బస్సుకు వచ్చి, నొప్పితో, ఆకలితో, నిండిన మూత్రాశయంతో కూర్చున్న మనిషి నాలుగు కేంద్రాలు తిరిగి ధర కనుక్కోగలడా? ధరల పోలికను వినియోగదారుని బాధ్యతగా వర్ణించేవారు ఈ శారీరక స్థితిని గమనించరు.

నాలుగవది మధ్యవర్తి. చాలామంది రోగులు తాము కేంద్రాన్ని ఎన్నుకోరు; గ్రామీణ వైద్యుడో, పట్టణ వైద్యుడో చీటీ రాసి పంపుతారు. పంపిన చోటికే పోవడం మర్యాద, నమ్మకం, కొన్నిసార్లు భయం కూడా. పంపినందుకు కమీషన్ ఉన్న చోట ఆ మొత్తం రుసుములోనే దాగి ఉంటుంది.

కేంద్ర ప్రభుత్వోద్యోగుల ఆరోగ్య పథకం వంటి వ్యవస్థలలో ఇదే పరీక్షకు ముందుగానే కుదిరిన ధర ఉంటుంది. బలమైన చెల్లింపుదారు ఉన్నవానికి ధర కాగితంపై సిద్ధంగా ఉన్నది. చెల్లింపుదారు లేనివానికి అది కౌంటర్ దగ్గర పుడుతుంది.

7. ధర నిర్ణయం సాధ్యమేనా – కోవిడ్ కాలపు సాక్ష్యం:

వైద్యసేవల ధరలను ప్రభుత్వం నిర్ణయించలేదనే వాదనకు ఇటీవలి చరిత్రే సమాధానం ఇస్తుంది. 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు ఆసుపత్రులలో కోవిడ్ చికిత్సకు ఐసొలేషన్ పడకకు రోజుకు రూ.4,000, వెంటిలేటర్ లేని ఐసీయూకు రూ.7,500, వెంటిలేటర్‌తో రూ.9,000 అని గరిష్ఠ ధరలు ప్రకటించింది. 2021 జూన్‌లో ఛాతీ హెచ్‌ఆర్‌సీటీ స్కానింగుకు రూ.1,995 గరిష్ఠ ధరగా నిర్ణయించింది. ఆ ధరలు అన్ని చోట్లా పాటింపబడ్డాయా అన్నది వేరే చర్చ. ఒక స్కానింగుకు రాష్ట్రవ్యాప్తంగా ఒక అంకెను నిర్ణయించి ప్రకటించడం పరిపాలనకు సాధ్యమేనని మాత్రం రుజువైంది. ఆ అంకె తెలిసిన రోగికి కనీసం ప్రశ్నించే ఆధారం దొరికింది.

జపాన్‌లో దేశమంతటికీ ఒకే వైద్య రుసుముల పట్టిక ఉన్నది; దానిని రెండేళ్లకొకసారి సవరిస్తారు. అమెరికాలో ధరల ప్రకటనను ఆసుపత్రులకు తప్పనిసరి చేసిన నిబంధన 2021 జనవరి 1 నుండి అమలైంది. మొదటిది ధరను నిర్ణయించే మార్గం, రెండవది ధరను వెల్లడించే మార్గం. మన నియమావళి 2012లోనే ఈ రెండింటినీ కాగితంపై చేర్చుకొన్నది.

8. రసీదు అనే చారిత్రక ఆధారం:

వైద్య సంస్థల సేవలకు వస్తుసేవల పన్ను మినహాయింపు ఉన్నది. రోగికి ఇది మేలే. అయితే ఇతర వ్యాపారాలలో పన్ను వ్యవస్థ మిగిల్చే ధరల జాడ ఇక్కడ మిగలదు. కనుక పరిశోధకునికి దక్కే ప్రధానాధారం రోగి ఇంట్లో దాచుకొన్న రసీదు. స్కానింగు చిత్రాలు, కొన్ని చోట్ల బిల్లులు కూడా థర్మల్ కాగితంపై ముద్రింపబడతాయి. కొన్నేళ్లకే ఆ అక్షరాలు వెలిసిపోతాయి. 1990ల నుండి ఈ పట్టణాలలో ధరలు మారిన తీరుకు సాక్ష్యం బీరువాలలో, ప్లాస్టిక్ సంచులలో నిశ్శబ్దంగా చెరిగిపోతున్నది.

ఈ మూడు పట్టణాల డిగ్రీ కళాశాలల చరిత్ర, అర్థశాస్త్ర శాఖలు విద్యార్థుల ద్వారా ఇటువంటి రసీదులను సేకరించి ఛాయాచిత్రాలుగా భద్రపరచవచ్చు. రోగి పేరు, చిరునామా, వ్యాధి వివరాలను తొలగించి తేదీ, పట్టణం, పరీక్ష పూర్తి పేరు, చేసినవారి అర్హత, చెల్లించిన మొత్తం, ఎవరు పంపారు, పరీక్ష మరోచోట మళ్లీ చేయించవలసి వచ్చిందా అనే ఏడు అంశాలను నమోదు చేస్తే చాలు. ఆ సంవత్సరపు వ్యవసాయ కూలితో పోల్చి, రుసుమును పనిదినాలలోకి మార్చి చూస్తే నిజమైన భారం తెలుస్తుంది. మిల్లు హమాలీలు, కౌలు రైతులు, గ్రామీణ వైద్యుల మౌఖిక కథనాలు దీనికి తోడైతే రసీదు లేని కాలాన్ని కూడా కొంత పూరించవచ్చు.

9. ముగింపు:

పై పరిశీలన నుండి తేలిన అంశాలివి.

• అల్ట్రాసౌండ్ ఉదరవ్యాధుల పరీక్షగా పేరుపొందినా, భారతదేశంలో చట్టం దానిని ప్రధానంగా గర్భిణి పరీక్షగా చూసింది. అందువల్ల యంత్రం పూర్తిగా నమోదైంది; ఉదరరోగి చెల్లించిన ధర నమోదు కాలేదు.

• ధర ప్రదర్శన నియమం 2002 నుండి వైద్యుని ప్రవర్తన నియమావళిలోనూ, 2012 నుండి వైద్య సంస్థల నియమాలలోనూ ఉన్నది. లోపించినది నియమం కాదు, దాని వెనుక తనిఖీ.

• ఆరోగ్య పథకాలు వ్యాధికి పేరు తెలిసిన తర్వాత మొదలవుతాయి. పేరు తెలుసుకొనే ఖర్చు రోగిదే. ఈ దశలో కార్డు ఉన్నవారూ లేనివారూ చాలావరకు ఒకే స్థితిలో ఉన్నారు.

• 2016 జిల్లాల విభజన, 2014 రాష్ట్ర విభజన పరిపాలన మార్పులు మాత్రమే కావు. నిపుణుల లభ్యతను, రోగుల దారులను, తద్వారా ధరలను అవి మార్చగలవు.

• కోవిడ్ కాలపు ఉత్తర్వులు స్కానింగుకు గరిష్ఠ ధర నిర్ణయం సాధ్యమేనని చూపాయి.

లింగనిర్ధారణ నిషేధ బోర్డును ప్రతి స్కానింగు గది ముందుకూ తీసుకురాగలిగిన వ్యవస్థకు దాని పక్కనే తెలుగులో ఒక ధరల పట్టికను పెట్టించడం అసాధ్యం కాదు. ఆ పట్టిక వచ్చేవరకు సూర్యాపేటలోనో, కోదాడలోనో, మిర్యాలగూడలోనో పరగడుపున వరుసలో కూర్చున్న మనిషికి తాను చెల్లించబోయేది ఎంతో తన వంతు వచ్చేదాకా తెలియదు. అతడు చెల్లించినది ఎంతో చరిత్రకూ తెలియదు. రెండవ లోపాన్ని సరిదిద్దే పని పరిశోధకుల చేతిలో ఉన్నది. రసీదులపై అక్షరాలు ఇంకా కనబడుతున్నప్పుడే ఆ పని మొదలు కావాలి.